పుణ్యవతి గారి ఇరవై ఆరుగురు

1999 ఫిబ్రవరి ఎనిమిదో తేదీ సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి, మాదాపూర్‌లోని మా కంపెనీ రెండో అంతస్తులో, చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ పుణ్యవతి గారు ఒక గోడలోంచి నడిచి లోపలికి వెళ్ళబోయారు. గోడ అద్దాలది. శనివారం సాయంత్రం దాకా అక్కడ ఏమీ లేదు. ఆదివారం బిగించారు. ఆవిడ ఒక చేతిలో స్టీలు క్యారియరు, ఇంకో చంకలో కంప్యూటరు కాగితాల దొంతర ఉన్నాయి. శబ్దం పెద్దగా రాలేదు. క్యారియరు గిన్నె ఒకటి జారి పప్పుచారు రిసెప్షన్ తివాచీ మీద పడింది. అద్దం మీద, నేలకు అయిదడుగుల ఎత్తున, రూపాయి బిళ్ళంత ఎర్రటి బొట్టు నిలిచింది. ఆవిడ నుదుటి మీద అందులో సగమే మిగిలింది.

అడ్మినిస్ట్రేషన్ మేనేజరుగా ఆ అద్దం పెట్టించినవాణ్ణి నేనే. దేనికైనా మంచిదని స్తంభం వెనక నిలబడ్డాను. ఆఫీసు ఊడ్చే మల్లమ్మ తడిగుడ్డ పట్టుకొచ్చి ముందు తివాచీ తుడిచి, తర్వాత అద్దం మీదికి చెయ్యెత్తింది.

"అది తుడువకు మల్లమ్మా," అన్నారు పుణ్యవతి గారు నుదురు రుద్దుకుంటూ. "ఉండనియ్యి. ఈడ గోడ ఉన్నదని జనానికి ఎర్కైతది." తర్వాత స్తంభం వైపు తిరిగి, "అన్నా, బయటికి రా. నిన్నేమంట లేను," అన్నారు.

పదింటికి వచ్చిన మా మేనేజింగ్ డైరెక్టర్ సోమేశ్వరరావు గారు ఆ బొట్టు దగ్గర ఆగిపోయారు.

"ఏంటండి రామాంజనేయులు గారూ, గడపకి పెట్టినట్టు అద్దానికి బొట్టేంటండి. గురువారం ఇంగ్లండు వాళ్ళొస్తున్నారు."

జరిగింది చెప్పాను. ఆ గంటలో ఆ బొట్టు చూసి ఆగిపోయి ముక్కులు దక్కించుకున్న ఇద్దరు ఉద్యోగుల్ని కూడా చూపించాను. బుధవారం సాయంత్రం తుడిపిస్తే చాలని ఒప్పుకున్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు తవ్వించి, అవి బాగా నడుస్తున్నప్పుడే హైదరాబాదు వచ్చి సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. చెరువైనా కంప్యూటరైనా, ముందు నీళ్ళు కనబడాలి, రొయ్యల సంగతి తర్వాత చూసుకోవచ్చునని ఆయన నమ్మకం.

చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ అన్న మాట అప్పటికి ఊళ్ళో కొత్త. ఆ పేరుతో విజిటింగ్ కార్డులు అచ్చు వేయించడానికి వెళితే, ప్రెస్సు ఆయన "చీఫ్ అంటున్నారు, మళ్ళీ ఆఫీసరంటున్నారు, రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకోండి" అన్నాడు. ఆ ఉద్యోగం ఏమిటో నాకూ చాలా రోజులు అర్థం కాలేదు. చూడగా చూడగా తెలిసిందేమిటంటే, పైవాళ్ళు ఒప్పుకొచ్చిన పనిని కిందివాళ్ళ చేత చేయించడం ఒకటి, కిందివాళ్ళ వల్ల కానిదాన్ని పైవాళ్ళకు చెప్పడం ఇంకొకటి. జీతం మొదటిదానికి ఇస్తారు.

పుణ్యవతి గారు మదీనాగూడలో పుట్టారు. అప్పుడది బొంబాయి రోడ్డు పక్కన చిన్న ఊరు. తండ్రికి ఎనిమిది గేదెలు. తెల్లవారుజామున పాలు పోసి వచ్చి, అదే సైకిలు మీద కూతుర్ని బస్సు దాకా దింపేవాడట. ఆవిడ లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, డెబ్భై ఎనిమిదిలో ఒక ప్రభుత్వ కంప్యూటరు కేంద్రంలో చేరారు. ఆ రోజుల్లో ప్రోగ్రామంటే చిల్లులు పొడిచిన అట్టముక్కల కట్ట. ఒకసారి ఎనిమిది వందల అట్టల కట్ట మెట్ల మీద చెయ్యి జారి, వాటిని మళ్ళీ వరుసలో పేర్చడానికి ఆవిడకు రెండు రోజులు పట్టింది. పై అధికారి, ఒక పది అటూ ఇటూ అయినా ఫరవాలేదు కానిచ్చేయమ్మా అన్నాడట. "మనుషులకు మొహమాటం ఉంటది సార్, మిషన్‌కు ఉండది" అని చెప్పి మొత్తం పేర్చాకే లేచారట.

పందొమ్మిదేళ్ళు అక్కడ చేశారు. చివరి నాలుగేళ్ళూ ఆవిడకు ప్రోగ్రాములకు బదులు ఫైళ్ళు ఇచ్చారు. ఇంకొక్క ఏడాది ఆగితే పెన్షన్ వచ్చేది, ఆగమని అందరూ చెప్పారు. ఆవిడకు పని చేయాలని ఉంది, ఆగాలని లేదు. తొంభై ఏడులో రాజీనామా ఇచ్చి మా కంపెనీకి వచ్చేశారు. కాబట్టి ఈ ఉద్యోగం పోతే వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఆవిడకు ఏమీ లేదు. ఇది మీరు గుర్తుంచుకోవాలి.

వచ్చిన కొత్తలో మీటింగులో "గిట్ల రాస్తే ప్రోగ్రాం ఆగుతది" అంటే, ఇద్దరు కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, "నవ్వినోళ్ళిద్దరు ఎక్కడ ఆగుతదో దొరకబట్టి ఇంటికి పోన్రి" అన్నారు. వాళ్ళు మూడు రోజులు ఇంటికి ఆలస్యంగా వెళ్ళారు. సోమేశ్వరరావు గారు మర్యాదగానే, మీటింగుల్లో కాస్త పుస్తకాల భాష మాట్లాడితే నిండుగా ఉంటుందండి అని సలహా ఇచ్చారు.

"ఏ పుస్తకం సార్?" అని అడిగారు ఆవిడ. ఆయన ఆలోచించి చెబుతానన్నారు. ఇంతవరకు చెప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం సోమేశ్వరరావు గారు మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచారు. సంగతి ఇదీ. ఇంగ్లండులో ఒక పెద్ద బీమా కంపెనీ ఉంది. దాని పాత ప్రోగ్రాములన్నిటిలో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాశారు. రెండు వేల సంవత్సరం వస్తే మిషను దాన్ని పందొమ్మిది వందలనుకుంటుంది. ఆ ప్రోగ్రాములన్నీ సెప్టెంబరు లోపల సరిచేసి ఇవ్వాలి. ఆ పని మాకొచ్చేట్టుంది. గురువారం వాళ్ళ మనిషి వచ్చి చూసి తేలుస్తాడు.

"మన దగ్గర తొంభై మంది ప్రోగ్రామర్లున్నారని రాశామండి," అన్నారు సోమేశ్వరరావు గారు.

"ఎవరు రాసిన్రు?"

"నేనే రాశానండి."

"నాతోని కలిపి ఇరవై ఆరుగురం ఉన్నం సార్."

"అదేనండి చెప్పేది. మా బావమరిదికి అమీర్‌పేటలో కంప్యూటరు ట్రైనింగ్ సెంటరుంది కదా. అరవై నలుగురు పిల్లల్ని పంపిస్తానన్నాడు. గురువారం ఒక్క పూట. రామాంజనేయులు గారు కార్డులు చేయిస్తారు, మానిటర్లు కిరాయికి తెస్తారు. ఇప్పుడిక్కడ ఎవరు చెయ్యటం లేదండి ఇది. పని చేతికొచ్చాక నెలలో తొంభై మందిని నిజంగానే పెట్టుకుందాం."

"పెట్టుకుంటరు సార్. వాళ్ళకు పని నేర్పేదెవరు? గీ ఇరవై ఆరుగురే. నేర్పుకుంట కూసుంటే చేసేదెప్పుడు? సెప్టెంబరుల సంతకం ఎవరు పెట్టాలె?"

పని అయిందని సంతకం ఆవిడే పెట్టాలి. మేము ముగ్గురమూ ఆ సంగతి ఎరుగుదుము.

"మీరు అబద్ధమేం చెప్పక్కర్లేదండి. హాలు తలుపు దగ్గర నిలబడి, ఇది నా టీము అని చెయ్యి చూపించండి. అంతే."

"నేను చూపియ్య సార్."

సోమేశ్వరరావు గారు ఫ్యాను వైపు చూశారు. ఏసీ గదిలో ఫ్యాను లేదు, అయినా అలవాటు కొద్దీ అటే చూశారు. "అయితే చూపించేవాళ్ళని వెతుక్కోవాలండి. శుక్రవారం నుంచి," అన్నారు, చాలా నెమ్మదిగా.

మాట బయటికి ఎలా పొక్కిందో నాకు తెలియదు. నేను నలుగురికి మించి చెప్పలేదు. మంగళవారం ఉదయం నేను పుణ్యవతి గారి గదిలో ఉండగా సంయుక్త వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఏలూరు పిల్ల, నిజాంపేట హాస్టల్లో ఉండేది, ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు.

"మేడమ్, మీరు ఒప్పుకోండి మేడమ్. ఈ పని రాకపోతే మార్చిలో కంపెనీ మూసేస్తారంటున్నారండి. మా ఉద్యోగాలు పోతాయండి."

"ఎవరన్నరు?"

సంయుక్త నా వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడింది.

"కూసో," అన్నారు పుణ్యవతి గారు. "నువ్వు వారానికి ఎన్ని ప్రోగ్రాములు చూస్తవు?"

"రెండండి. కష్టపడితే మూడు."

"తొంభై మంది పని ఇరవై ఆరుగురి మీద పడితే వారానికి పది చూడాలె. చూస్తవా?"

"చూడలేనండి."

"చూడకుండ చూసిన అని రాస్తవు. నువ్వు రాస్తవు, దాని కింద నేను సంతకం పెడ్త, ఆడ ఎవరో ముసలాయన బీమా ఆగిపోతది. నేను కాదంటే నీ నౌకరి పోతదేమో. అవునంటే మాత్రం పక్కా పోతది, సెప్టెంబరుల. జర తేడా ఉన్నది."

సంయుక్త లేచి వెళ్ళిపోయింది. ఒప్పుకున్నట్టు మాత్రం కాదు. ఆ రోజు హాల్లో చాలామంది పుణ్యవతి గారి కళ్ళలోకి చూడలేదు.

ఆ సాయంత్రం మదీనాగూడలో ఏం జరిగిందో వాళ్ళాయన లింగమూర్తి గారు తర్వాత నాతో చెప్పారు. ఆయన బడిలో లెక్కల మాస్టరు. భార్య చెప్పిందంతా విని, "నౌకరి పోతే ఏం జేస్తవు?" అని అడిగారట.

"ఇంట్ల కూసుంట."

"నువ్వు ఇంట్ల కూసుంటే నా పానం తీస్తవు. పోయి ఉన్నదున్నట్టు చెప్పు. ఏదైతే గదైతది."

బుధవారం నేను అరవై నాలుగు కార్డులు చేయించాను. హోదా ఏం రాయాలో తోచక అందరికీ సీనియర్ ప్రోగ్రామర్ అని రాశాను. అద్దం మీది బొట్టు తుడిపించాను. కిరాయికి తెచ్చిన మానిటర్లలో సగానికి కింద కంప్యూటరు లేదు. వైర్లు బల్ల కిందికి వేలాడదీసి, చివర్లు టేపుతో అతికించాను. చాలా నీటుగా వచ్చింది. నేనే రెండుసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ పనితనం పనితనమే కదా.

గురువారం తొమ్మిదింటికి రెండు బస్సుల్లో పిల్లలు దిగారు. కొత్త చొక్కాలు, కొత్త టైలు, మెరుస్తున్న బూట్లు. అందరూ బుద్ధిమంతులు. పైకెళ్ళి మీ మీ సీట్లలో కూర్చోండని పంపించి, నేను పూలదండ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. నేను చేసిన తప్పల్లా వాళ్ళతో పైకి వెళ్ళకపోవడమే.

పదిన్నరకు ఇంగ్లండు బీమా కంపెనీ మనిషి హెన్షా గారు వచ్చారు. అరవై ఏళ్ళ పొడుగాటి మనిషి. దండ వేయించుకుని, కొబ్బరినీళ్ళు తాగి, సోమేశ్వరరావు గారి వెంట మెట్లెక్కారు. పుణ్యవతి గారు ఒక అడుగు వెనక. ముందు రోజు నుంచి ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. ఒప్పుకున్నారని సోమేశ్వరరావు గారు, ఒప్పుకోలేదని నేను అనుకుంటున్నాం.

హాలు తలుపు దగ్గరికి వెళ్ళి ఆగిపోయాం. తలుపుకు రెండు పక్కలా, గోడ వారగా, నాలుగేసి వరుసల్లో అరవై నాలుగు జతల బూట్లు విడిచి ఉన్నాయి. ముందు వరుసలో ఒక జతకు ధర చీటీ కూడా ఊడలేదు.

అమీర్‌పేటలో ఏ ట్రైనింగ్ సెంటరుకు వెళ్ళినా కంప్యూటరు గది ముందు చెప్పులు విడవాలి. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని అలా అలవాటు చేశారు. ఆ పిల్లలకు నేను సీటు చెప్పాను, కార్డు ఇచ్చాను, టై కట్టించాను. బూట్లు విప్పొద్దని చెప్పాలని ఎవరికి తోస్తుంది. మా ఇరవై అయిదుగురూ మాత్రం ఎప్పట్లాగే బూట్లతో లోపల కూర్చున్నారు.

హెన్షా గారు ఆ వరుసల్ని చూసి, ఇది ఏదైనా ఆచారమా అని అడిగారు.

"అవునండి," అన్నారు సోమేశ్వరరావు గారు వెంటనే, ఇంగ్లీషులో. "మాకు యంత్రమంటే దైవంతో సమానం. వేల ఏళ్ళ సంప్రదాయం."

హెన్షా గారు మర్యాదస్థుడు. తల వంచి, గోడ పట్టుకుని, ఎడమ బూటు లేసు విప్పారు. మేజోడుకు చిల్లుంది. బొటనవేలు బయటికి వచ్చి మమ్మల్నందర్నీ చూసింది. ఆయన రెండో బూటు విప్పబోతూ తెరిచిన తలుపులోంచి లోపలికి చూశారు. మా రవికిరణ్ బూటుకాలు పక్క కుర్చీ మీద పెట్టుకుని పని చేసుకుంటున్నాడు.

"మరి ఆయన?" అన్నారు హెన్షా గారు.

సోమేశ్వరరావు గారు అటు చూశారు. "ఆయన నాస్తికుడు," అన్నారు.

రవికిరణ్ ఆ మాట విని ఇటు తిరిగాడు. నుదుటి నిండా మూడు వేళ్ళ వెడల్పున విభూతి.

"బూటు తొడుక్కోండి సార్," అన్నారు పుణ్యవతి గారు. ఆవిడ ఇంగ్లీషు కూడా ఆవిడ తెలుగులాగే ఉంటుంది, మెలికలుండవు. "బూట్లు విడిచి కూర్చున్నవాళ్ళు విద్యార్థులు, ఈ పూట కోసం వచ్చారు. బూట్లతో ఉన్నవాళ్ళు నా మనుషులు. నాతో కలిపి ఇరవై ఆరుగురం. మీకు తొంభై అని రాసి పంపారు. అది తప్పు."

సోమేశ్వరరావు గారి మొహం నేను చూడలేదు. నేను పూలదండ లోంచి రాలిన రేకులు ఏరుతున్నాను.

ఆవిడ ఆగలేదు. ఆయన్ని తన గదిలోకి తీసుకెళ్ళి, వాళ్ళు ముందే పంపిన ప్రోగ్రాముల వివరాలున్న కాగితాల దొంతర బల్ల మీద విప్పారు. "మీవి ఆరు వేల ప్రోగ్రాములు. అన్నిటిలో తేదీలు లేవు. ఉన్నవాటిలోనూ తొమ్మిది వందలు ముందు చెడిపోతాయి. ఆ తొమ్మిది వందలూ సెప్టెంబరుకు ఇస్తాను. మిగతావి ఇవ్వలేను. ఇంకో మాట. జనవరి నుంచి మీ ఏడాది పాలసీలు మిషను తీసుకోవడం లేదు, ఎందుకంటే వాటి గడువు రెండు వేలలో ముగుస్తుంది. మీ వాళ్ళు చేత్తో రాస్తూ ఉండాలి."

హెన్షా గారు చాలాసేపు కాగితం చూశారు. "చేత్తోనే రాస్తున్నారు," అన్నారు. మధ్యాహ్నం భోజనం వద్దని కారెక్కి వెళ్ళిపోయారు. దాంతో మా వంట మనిషి కూడా నొచ్చుకున్నాడు.

ఆవిడ తిన్నగా హాల్లోకి వెళ్ళారు. అరవై నలుగురూ ఏం తప్పు చేశామా అని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. "ఎట్లనో వచ్చిన్రు కద, ఉత్తగ పోకున్రి" అని, రెండు వేల సంవత్సరం గొడవేమిటో బోర్డు మీద గంటసేపు చెప్పారు. కొందరు రాసుకున్నారు. ఒకడు లేచి, "మేడమ్, కార్డు మీద సీనియర్ అని ఉంది, ఉంచుకోవచ్చా?" అని అడిగాడు. జూనియర్ అయినంక ఉంచుకోమన్నారు.

శుక్రవారం ఉదయం సోమేశ్వరరావు గారు ఆవిణ్ణి రాజీనామా ఇమ్మన్నారు.

"నేనియ్య సార్. పందొమ్మిదేండ్ల నౌకరికి నేనే ఇచ్చిన, ఇగ సాలు. మీరే తీసేసినట్టు రాయిన్రి. ఎందుకు తీసేసిన్రో గది కూడ రాయిన్రి."

ఉత్తరం రాసే పని నా మీద పడింది. మొదట, 'కంపెనీ ప్రయోజనాలకు భంగకరంగా ప్రవర్తించినందున' అని రాశాను. ఏం ప్రవర్తన అని ఎవరైనా అడిగితే ఎలాగండి అన్నారు సోమేశ్వరరావు గారు. రెండోసారి, 'ఉద్యోగుల సంఖ్యను బయటివారికి వెల్లడించినందున' అని రాశాను. అది ఇంకా ఘోరంగా ఉందన్నారు. మూడోసారి 'అనివార్య కారణాల వల్ల' అని రాస్తే, ఆవిడే తీసుకుని చదివి, "ఏ కారణాలు అన్నా? పేర్లు రాయి" అని తిరిగి ఇచ్చేశారు. నేను నాలుగో కాగితం టైపు మిషన్లోకి ఎక్కించలేదు.

ఉత్తరం కుదరకపోయేసరికి సోమేశ్వరరావు గారు ఆవిడ గదికి తాళం వేయించారు. ఆ తాళం వేసింది కూడా నేనే. సోమవారం తొమ్మిదీ పదికి ఆవిడ క్యారియరు పట్టుకుని వచ్చారు, తాళం చూశారు, హాల్లోకి వెళ్ళి రవికిరణ్ కాలు పెట్టుకునే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎవరూ చెప్పకుండానే ఆ తొమ్మిది వందల ప్రోగ్రాముల జాబితా తీసి, పని రాకపోయినా నేర్చుకున్నట్టుంటుందని, ఇరవై అయిదుగురికీ పంచారు. మొదటి రోజు ముగ్గురు తీసుకున్నారు. రెండో రోజు సంయుక్త వచ్చి చెయ్యి చాపింది. వారం తిరిగేసరికి అందరి బల్లల మీదా ఆ కాగితాలే. సోమేశ్వరరావు గారు రోజుకు రెండుసార్లు హాలు తలుపు దాకా వచ్చి, చూసి, వెళ్ళిపోయేవారు. ఆవిడ లేచి నమస్కారం పెట్టేవారు. ఆయన తీసుకునేవారు. ఇద్దరి మర్యాదకూ మధ్యన నేను నలిగిపోయాను.

ఇరవై మూడో తేదీ మధ్యాహ్నం ఫ్యాక్సు వచ్చింది. చదివింది ముందు నేనే, అది నా బలహీనత. ఆరు వేల ప్రోగ్రాములూ మాకు ఇవ్వడం లేదు. తొమ్మిది వందలు మాత్రం ఇస్తున్నారు. మిగతావి వేరే ఊళ్ళో వేరే కంపెనీకి. పని పూర్తయ్యేదాకా పుణ్యవతి గారే బాధ్యులుగా ఉండాలి, ప్రతి శుక్రవారం ఆవిడ సంతకంతోనే నివేదిక రావాలి. ఇది ముఖ్యమైన షరతు అని హెన్షా గారు కింద తన చేత్తో రాశారు.

సోమేశ్వరరావు గారు దాన్ని మూడుసార్లు చదివారు. తర్వాత గది తాళంచెవి నా చేతిలోంచి తీసుకుని, తనే హాల్లోకి నడిచారు. ఇరవై అయిదు తలలు కంప్యూటర్ల వెనక వంగిపోయాయి. ఆయన ఆవిడ ముందు తాళంచెవి పెట్టి, పక్కన ఫ్యాక్సు పెట్టి నిలబడ్డారు. కోపం ఉందనుకుంటే ఉంది, దిగులు ఉందనుకుంటే అదీ ఉంది.

"తొంభై మంది పని వచ్చేదండి పుణ్యవతి గారూ. ఆ తలుపు దగ్గర మీరు ఒక్క నిమిషం ఊరుకోలేదు, ఇప్పుడు చూడండి, ఇరవై ఆరుగురికి సరిపడా పనే వచ్చింది."

ఆవిడ ఫ్యాక్సు చదివి, మడిచి, జాబితా మీద పెట్టుకున్నారు.

"మంచిదే కద సార్, ఈసారి ఎవ్వర్నీ కిరాయికి తెచ్చుడు లేదు."